ఆపరేషన్ మచ్చ తగ్గట్లేదా? ముందు అది ఎలా ఉందో చూడండి

సిజేరియన్ అయినా, థైరాయిడ్ అయినా, గుండె బైపాస్ అయినా కుట్లు తీశాక ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: "మచ్చకి ఏం రాయాలి?" బెజవాడ సూర్యారావుపేట ఆసుపత్రిలో కుట్లు తీయించుకుని ఇంటికొచ్చిన సాయంత్రానికే పక్కింటి పిన్నిగారు పసుపు అంటారు, ఆడపడుచు నిమ్మరసం అంటుంది, వాట్సాప్‌లో ఎవరో వంటసోడా వీడియో పంపిస్తారు. ముగ్గురూ మన మంచి కోరే చెబుతారు. కానీ మచ్చ ఎర్రగా ఉండటానికి ఒక కారణం, నల్లబడటానికి ఇంకో కారణం, ఉబ్బడానికి మరో కారణం. అన్నింటికీ ఒకే పూత పనిచేయదు. పైగా కొన్ని పూతలు ఉన్న మచ్చను ముదరబెడతాయి.

కోత పడిన చోట శరీరం కొల్లాజెన్ అనే పీచు పదార్థంతో చర్మాన్ని అతుకుతుంది. మొదటి వారాల్లో దాన్ని అవసరానికి మించి పేరుస్తుంది, తర్వాత నెలల తరబడి సర్దుకుంటూ వస్తుంది. ఈ పని పూర్తి కావడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. ఎంత బాగా మానినా ఆ చోటికి మామూలు చర్మం బలంలో సుమారు 80 శాతమే వస్తుంది. కాబట్టి మచ్చ మాయమైపోదు. సన్నగా, చదునుగా, ఒంటి రంగుకి దగ్గరగా వచ్చేలా చేసుకోవచ్చు. అందుకు కావలసినవి చాలావరకు చవకే, కాకపోతే నెలల ఓపిక కావాలి.

కుట్ల దగ్గర ఇంకా తడిగా ఉంది, చీము పడుతోంది

గాయం ఇంకా మూసుకోలేదు, లేదా ఇన్ఫెక్షన్ మొదలైంది. దీనికి ఇంటి చిట్కా లేదు. పసుపు, కాఫీ పొడి, తేనె, టూత్‌పేస్ట్ ఏదీ పెట్టొద్దు. ఆసుపత్రుల్లో పుళ్ళకు వాడే తేనె ప్రత్యేకంగా శుద్ధి చేసింది, మన వంటింటి సీసాలో ఉండే తేనె అది కాదు. చుట్టూ ఎరుపు పాకుతున్నా, నొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, చెడు వాసన వస్తున్నా, జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, కుట్టు విడిపోయి సందు కనిపిస్తున్నా ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి చూపించండి. షుగర్ ఉన్నవాళ్ళు ఇంకా తొందరపడాలి.

ఇక్కడి నుంచి చెప్పేవన్నీ గాయం పూర్తిగా మూసుకున్నాకే. అంటే పక్కు దానంతటది రాలిపోయి, ఎక్కడా తడి లేకుండా, కుట్లు తీసి రెండు మూడు వారాలు గడిచాక. పక్కును గిల్లితే గాయం మళ్ళీ మొదటికొస్తుంది, మచ్చ వెడల్పవుతుంది.

ఎర్రగా ఉంది, దురద పెడుతోంది

మొదటి మూడు నెలల్లో ఇది మామూలే. కొత్త చర్మానికి రక్తం అందించడానికి సన్నని రక్తనాళాలు ఎక్కువగా పుట్టుకొస్తాయి, ఆ ఎరుపు వాటిదే. మన ఛాయల్లో అది ఎరుపుగా కాక ఊదాగానో ముదురు గోధుమ రంగులోనో కూడా కనిపిస్తుంది. కొత్త చర్మం తేమను పట్టి ఉంచుకోలేక ఎండిపోతుంది కాబట్టి దురద పెడుతుంది.

స్నానం అయ్యాక మెత్తని బట్టతో అద్ది, వాసన లేని వాజలీన్ లేదా కొబ్బరి నూనె పల్చగా రాయండి. రోజుకి రెండు మూడు సార్లు చాలు. ఎండాకాలంలో నూనె రాస్తే చెమటకాయలు లేచేవాళ్ళు రాత్రిపూటే రాసుకోవాలి. దురద మరీ ఎక్కువైతే గోకకుండా చల్లని తడిగుడ్డ పెట్టుకోండి.

బాలింతలకు స్నానం చేయించే పెద్దవాళ్ళకి ఒక్క మాట. ఒళ్ళంతా నలుగు పెట్టండి, సిజేరియన్ కోత మీద మాత్రం సున్నిపిండితో రుద్దకండి. గరుకు పిండి లేత చర్మాన్ని గీరుతుంది, ఆ గీత మళ్ళీ నల్లబడుతుంది.

మచ్చ నల్లబడుతోంది

మన దగ్గర అందరూ బాధపడేది దీని గురించే. దెబ్బ తగిలిన చర్మం రంగు పదార్థాన్ని ఎక్కువగా తయారు చేస్తుంది. చామనఛాయ ఒంట్లో ఈ గుణం మరీ ఎక్కువ. దాని మీద ఎండ పడితే రంగు స్థిరపడిపోతుంది. మే నెలలో 45 డిగ్రీలు కూడా చూసే బెజవాడలో బందరు రోడ్డు మీద మధ్యాహ్నం స్కూటీ నడిపే అమ్మాయికి, థైరాయిడ్ ఆపరేషన్ గీత సరిగ్గా మెడ కింద ఎండకి ఎదురుగా ఉంటుంది. ఎంత ఖరీదైన క్రీమ్ రాసినా ఆ ఎండను ఆపకపోతే వృథా.

అందుకే నల్లమచ్చకి నేను మొదట చెప్పే మందు నూలు చున్నీ. బట్ట కింద ఉండే మచ్చకి వేరే ఏమీ అక్కర్లేదు. మెడ, ముఖం, చేతులు, చీర కట్టులో బయటపడే నడుము పక్క ఇలాంటి చోట్ల ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ రాసుకోవాలి. బయటికి వెళ్ళడానికి పావుగంట ముందు ఒకసారి, బయటే ఉంటే రెండు గంటలకోసారి. చెమటకి కారిపోతే అంతకుముందే మళ్ళీ రాయాలి. కనీసం ఏడాది మానకూడదు. మబ్బు పట్టిన రోజు కూడా.

ఇక నిమ్మరసం. అది ఘాటైన ఆమ్లం, లేత చర్మాన్ని మండిస్తుంది. అంతకన్నా పెద్ద సమస్య, నిమ్మలో ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చేస్తాయి. బొబ్బలు లేచి, మానాక ముందుకన్నా నల్లని మరక మిగులుతుంది. నలుపు పోవాలని రాసిందే నలుపు తెస్తుంది. నిమ్మ, వంటసోడా, టూత్‌పేస్ట్ ఈ మూడూ మచ్చ దరిదాపులకి రానివ్వకండి.

పసుపు కూరలో తినండి. మూసుకున్న మచ్చ మీద ఎప్పుడైనా రాసినంత మాత్రాన ప్రమాదం లేకపోవచ్చు, కానీ మచ్చను తగ్గిస్తుందని నమ్మకం పెట్టుకోకండి. కొందరికి దానితో ఎలర్జీ వచ్చి దద్దుర్లు లేస్తాయి, అవి మళ్ళీ నల్లమచ్చలవుతాయి. కలబంద విషయంలో ఆకు కోయగానే కారే పసుపు జిగురు చర్మాన్ని మండిస్తుంది. ఆకును కాసేపు నిలబెట్టి ఆ జిగురంతా కారనిచ్చి, కడిగి, లోపలి తెల్లని గుజ్జు మాత్రమే వాడాలి. మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు చూసి, దురద లేకపోతేనే మచ్చ మీద పెట్టండి. చల్లగా హాయిగా ఉంటుంది, తేమనిస్తుంది. అంతకుమించి ఆశించొద్దు.

మందుల షాపులో అడిగితే ఇచ్చే "తెల్లబరిచే" క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లు కనిపిస్తే చర్మ డాక్టర్ రాయకుండా వాడకండి. మొదటి వారాల్లో తేడా కనిపిస్తుంది, తర్వాత చర్మం కాగితంలా పల్చబడుతుంది.

ఉబ్బింది, చేతికి గట్టిగా తగులుతోంది

ఇక్కడ ఒక్క విషయం తేల్చుకోవాలి. ఉబ్బు కోత గీత మీదే ఉందా, గీత దాటి పక్క చర్మంలోకి పాకుతోందా?

గీత మీదే ఉంటే కొల్లాజెన్ ఎక్కువగా పేరుకుందన్నమాట. ఆపరేషన్ అయిన నెల, రెండు నెలల్లో మొదలవుతుంది, కాలంతో పాటు తగ్గే అవకాశం ఉంది. చర్మం సాగే చోట, అంటే ఛాతీ, భుజం, మోకాలి దగ్గర ఎక్కువ. ఇలాంటి దానికి ఇంట్లో చేయగలిగిన మంచి పని సిలికాన్ షీటు. మందుల షాపుల్లో దొరుకుతుంది. మచ్చ కన్నా కొంచెం పెద్దగా కత్తిరించి అతికించాలి. మొదట రోజుకి నాలుగు గంటలతో మొదలుపెట్టి, చర్మం తట్టుకుంటే 12 గంటలకు పైగా ఉంచాలి. కనీసం రెండు మూడు నెలలు వాడితే కానీ ఫలితం తెలియదు. అదే షీటును రోజూ సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. కృష్ణ ఒడ్డున ఉండే ఉక్కపోతలో షీటు కింద చెమట పట్టి పొక్కులు వస్తాయి. అలాంటప్పుడు పగలు తీసేసి, రాత్రి ఫ్యాన్ కిందో ఏసీలోనో పెట్టుకోండి, లేదా ట్యూబులో వచ్చే సిలికాన్ జెల్‌ను రోజుకి రెండుసార్లు పల్చగా రాసి ఆరనివ్వండి.

అంత ఖర్చు పెట్టలేనివాళ్ళకు డ్రెస్సింగ్‌కి వాడే కాగితపు టేపు ఉంది. దాన్ని గీత పొడవునా అతికిస్తే చర్మం రెండు వైపులా లాగకుండా పట్టి ఉంచుతుంది. ఆ లాగుడు తగ్గితే మచ్చ వెడల్పవ్వడం, ఉబ్బడం తగ్గుతాయి. రోజూ పీకొద్దు, ఊడినప్పుడు మార్చుకోండి. మూడు నెలల దాకా వాడొచ్చు. టేపు కింద ఎర్రగా పొంగితే ఆపేయాలి.

ఇవి కాక మర్దన. కొద్దిగా కొబ్బరి నూనె వేలికి రాసుకుని, వేలి కొస తెల్లబడేంత ఒత్తిడితో మచ్చ మీద గుండ్రంగా, తర్వాత నిలువుగా, అడ్డంగా కదపండి. పైపైన జారిపోకుండా కింద చర్మం కూడా కదలాలి. ఒక్కోసారి ఐదు పది నిమిషాల చొప్పున రోజుకి రెండు మూడు సార్లు, నెలల తరబడి. మోకాలి మార్పిడి అయినవాళ్ళకి కాలు ముడిచినప్పుడు "లాగుతోంది" అనిపించేది కూడా దీనితో సడలుతుంది. బైపాస్ అయినవాళ్ళు ఛాతీ ఎముక అతుక్కుందని సర్జన్ చెప్పేదాకా ఆగాలి.

విటమిన్ ఇ గుళిక చింపి రాయమని చాలామంది చెబుతారు. 1999లో అమెరికాలో చర్మ ఆపరేషన్ అయిన 15 మంది మీద దాన్ని పరీక్షించి చూశారు. ఎక్కువమందికి లాభం కనిపించలేదు, మూడో వంతు మందికి ఎలర్జీ వచ్చింది. చిన్న పరీక్షే అయినా, కొబ్బరి నూనె ఇంట్లో ఉండగా ఆ గుళిక జోలికి వెళ్ళాల్సిన పని లేదని నా అభిప్రాయం.

ఉబ్బు గీత దాటి పాకుతుంటే అది కీలాయిడ్. ఆపరేషన్ అయిన చాలా నెలలకు కూడా మొదలవుతుంది, దానంతటది తగ్గదు. ఛాతీ మధ్య, భుజాలు, వీపు పైభాగం, చెవి తమ్మె దీనికి ఇష్టమైన చోట్లు. ఇంట్లో ఎవరికైనా ఉంటే మీకు వచ్చే అవకాశం ఎక్కువ. నూనెలు, లేపనాలతో కాలం గడపకండి. చర్మ డాక్టర్ నెల, నెలన్నరకోసారి ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్ మచ్చలోకే ఇస్తారు, చిన్నగా ఉన్నప్పుడు బాగా లొంగుతుంది. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో చర్మ విభాగం ఉంది, అక్కడ చూపించుకోవచ్చు. "కోసి తీసేస్తాం" అని మాత్రమే ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తోడుగా ఇంజెక్షన్ లాంటి వైద్యం లేకుండా కోస్తే చాలాసార్లు ముందుకన్నా పెద్దగా తిరిగొస్తుంది.

మానిన మచ్చ మళ్ళీ మండుతోంది, ఒరుసుకుపోతోంది

కారణం ఎక్కువగా మన బట్టల్లో, నగల్లో ఉంటుంది. లంగా బొందు సరిగ్గా సిజేరియన్ గీత మీదికి వస్తే రోజంతా రాపిడే. కొన్నాళ్ళు బొందు పైకి కట్టండి, లేదా వదులు నైటీ, నూలు బట్టలు వేసుకోండి. థైరాయిడ్ గీత మీద నల్లపూసలు, నానుతాడు ఆనుతుంటే పొడుగు చేయించుకోండి. కొన్నాళ్ళు మంగళసూత్రం పొడుగాటి పసుపుతాడుకి మార్చుకోవడం పెద్దవాళ్ళకి చెబితే కాదనరు. కాకపోతే పచ్చి పసుపు రాసిన తాడు గీతకి తగలనివ్వకండి.

పొట్ట మడత కింద గీత ఉన్నవాళ్ళకి చెమట నిలిచి తామర లాంటి ఎర్రని పొక్కులు వస్తాయి. స్నానం తర్వాత మడత ఎత్తి పూర్తిగా ఆరబెట్టి, మెత్తని నూలుగుడ్డ మడిచి పెట్టుకోండి. అప్పటికే పొక్కులుంటే నూనె ఆపేసి డాక్టర్ చెప్పిన ఫంగస్ మందు వాడాలి.

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్ళు మచ్చను నిండుగా కప్పుకోకుండా పనిలోకి దిగొద్దు. కారం ధూళి చెమటలో కలిసి పడితే లేత చర్మం భగ్గుమంటుంది. ఉత్త నీళ్ళకి ఆ ఘాటు వదలదు, సబ్బుతో కడగాలి.

గీత మీద మొటిమలాంటిది లేచింది, దారం కనిపిస్తోంది

లోపల కరిగిపోవాల్సిన కుట్టుదారం బయటికి తోసుకొస్తోంది. వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత కూడా జరుగుతుంది. లాగొద్దు, నొక్కొద్దు. డాక్టర్ దగ్గర నిమిషంలో తీసేస్తారు.

చుట్టూ మొద్దుబారింది

కోతలో చర్మం నరాలు తెగుతాయి. సిజేరియన్ తర్వాత పొత్తికడుపు, మోకాలి ఆపరేషన్ తర్వాత మోకాలి బయటివైపు ఇలా ఉండటం మామూలే. నెలల మీద చాలావరకు తగ్గుతుంది, కొంత చోటు అలాగే ఉండిపోవచ్చు. స్పర్శ తెలియని చోట వేడి కాపడం పెట్టొద్దు, కాలినా తెలియదు.

ఎంతకీ గట్టిపడట్లేదు, మచ్చ సాగి వెడల్పవుతోంది

ఇక్కడ పథ్యం గురించి గట్టిగా చెప్పాలి. "పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే దురద" అని ఆపరేషన్ అయిన మనిషికి కారప్పొడి అన్నం పెట్టే ఇళ్ళు బెజవాడ, గుంటూరు రెండు ఊళ్ళలోనూ ఎన్నో ఉన్నాయి. కందిపప్పు వల్ల చీము పట్టదు, చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది. అతుకు వేసే కొల్లాజెన్ తయారయ్యేదే ప్రొటీన్‌తో. పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు పెట్టండి. విటమిన్ సి లేకుండా కొల్లాజెన్ గట్టిపడదు, జామకాయ, ఉసిరి, నిమ్మ అందుకు ఉన్నాయి. నిమ్మకాయ స్థానం మచ్చ మీద కాదు, పప్పులో. ఏదైనా తింటే నిజంగానే ఒళ్ళు దద్దురెక్కే అలవాటు ఉంటే అది మాత్రం మానేయండి. షుగర్ అదుపులో లేకపోయినా, సిగరెట్ తాగుతున్నా గాయానికి అందాల్సిన రక్తం సరిగా అందదు. సర్జన్ చెప్పిన గడువులోపు బిందెలు, గ్యాస్ సిలిండర్ ఎత్తితే కొత్త అతుకు సాగుతుంది. దగ్గినప్పుడు పొట్ట గీత దగ్గర ఉబ్బు బయటికొచ్చి, పడుకుంటే లోపలికి పోతుంటే అది మచ్చ సమస్య కాదు, హెర్నియా. సర్జన్‌కి చూపించాలి.

ఏళ్ళనాటి తెల్లని మచ్చ, గుంటపడిన మచ్చ

ఏడాదిన్నర దాటాక ఇంటి పూతలతో పెద్దగా మారదు. లేజర్, సన్నని సూదులతో చేసే చికిత్స, మచ్చను సరిచేసే చిన్న ఆపరేషన్ లాంటివి చర్మ డాక్టర్ల దగ్గర, ప్లాస్టిక్ సర్జన్ల దగ్గర ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఆపరేషన్ ఎప్పుడు అయిందో, ఇంతవరకూ ఏమేం రాశారో కాగితం మీద రాసి తీసుకెళ్ళండి, వాడిన ట్యూబులు కూడా. ముందెప్పుడైనా మీకో, మీ ఇంట్లో వాళ్ళకో కీలాయిడ్ వచ్చి ఉంటే ఆ మాట కత్తి పట్టుకునే ముందే డాక్టర్‌కి చెప్పాలి. కుట్టు వేసే పద్ధతి, తర్వాత వాడే మందు దాన్ని బట్టి వాళ్ళు మార్చుకుంటారు.