‘స్పృహ’ను ఎక్కడ, ఎలా వాడాలి?

సంస్కృతంలో ‘స్పృహ’ అంటే కోరిక. తెలుగులో ఆ అర్థం దాదాపు మరుగున పడి, తెలివి, మెలకువతో కూడిన గమనింపు అనే అర్థాలు స్థిరపడ్డాయి. పాత అర్థపు జాడ ‘నిస్పృహ’లో కనిపిస్తుంది: సంస్కృతంలో కోరిక లేకపోవడాన్ని చెప్పే ఆ మాట మనకు ఆశ ఉడిగిన స్థితిని సూచిస్తుంది. కనుక ‘స్పృహ లేదు’ అనవలసిన చోట ‘నిస్పృహ’ అని రాయకూడదు.

శరీరస్థితిని చెప్పేటప్పుడు స్పృహ తప్పుతుంది, స్పృహలోకి వస్తారు. ఇందులో చిక్కేమీ లేదు. ఎదుటివారి స్థితిని మనసుకు పట్టించుకోవడం గురించి రాసేటప్పుడే జాగ్రత్త అవసరం. అప్పుడు దేని గురించిన స్పృహో ముందే చెప్పి, దానికి ‘అన్న’ చేర్చాలి: “పక్క గదిలో రోగి నిద్రపోతున్నాడన్న స్పృహ లేకుండా వాళ్లు బిగ్గరగా మాట్లాడుకుంటున్నారు.” ఇక్కడ ‘అవగాహన’ అంటే వాక్యం చప్పబడుతుంది, ఎందుకంటే రోగి ఉన్నాడని వాళ్లకు తెలుసు, పట్టింపే లేదు. పథకాల గురించి, వ్యాధి లక్షణాల గురించి వివరించి చెప్పేది మాత్రం అవగాహనే.

సమాసంగా ‘సామాజిక స్పృహ’ బాగా వాడుకలో ఉంది, సాహిత్య విమర్శలో కాస్త అరిగిపోయింది కూడా. ఏ అన్యాయాన్ని రచయిత గుర్తించాడో చెప్పకుండా ఆ ముద్ర వేయడం విమర్శకుడి బద్ధకమే.

వ్రాతలో ‘స్ప్రుహ’ తప్పు. ‘ప’కు వట్రుసుడి ఇవ్వాలి. మాటల్లో ‘ఎరుక’ చాలాచోట్ల దీనికి దగ్గరగా వస్తుంది గాని, తెలంగాణలో “నాకు ఎరుకే” అంటే కేవలం ‘నాకు తెలుసు’ అని.