నీలిచిత్రాల నటుడి జీవితకథ రాయడం ఎలా: కేసీ డోనొవన్ ఉదాహరణగా

నీలిచిత్రాల్లో నటించిన గే నటుడి జీవితాన్ని తెలుగులో రాయబూనిన వారికి మొదటి వాక్యంలోనే సర్వనామం దగ్గర చిక్కు వస్తుంది. రంగస్థల నటుణ్ణి ‘ఆయన’ అని, ‘నటించారు’ అని రాసే చేయి, ఇక్కడికి వచ్చేసరికి తనకు తెలియకుండానే ‘అతడు’లోకి, ఇంకా అజాగ్రత్తగా ఉంటే ‘వీడు’లోకి జారిపోతుంది. మీరు మిగతా సినిమా నటులకు ఏ మర్యాద ఇస్తారో ఇక్కడా అదే ఇవ్వండి. అందరినీ ‘అతడు’ అనడమే మీ అలవాటైతే అందులో తప్పు లేదు. నేను మాత్రం ‘ఆయన’ అనే రాస్తాను.

నామవాచకాల సంగతీ ముందే తేల్చుకోవాలి. ‘బూతు సినిమా’ అంటే చదువరికి వెంటనే అర్థమవుతుంది గాని, రచయిత తీర్పు కూడా ఆ మాటలోనే చెప్పేసినట్టవుతుంది. ‘శృంగార చిత్రం’ అంటే మరీ మెత్తన. అన్నమయ్య సంకీర్తనలకూ మనం ఆ మాటే వాడతాం. ‘నీలిచిత్రం’ పాతబడినా అందరికీ తెలిసినది, తిట్టు కానిది. ‘స్వలింగ సంపర్కుడు’ అన్న మాట మనిషిని ఒక చర్యకు కుదించేస్తుంది కనుక, ఇప్పటికే తెలుగులో కలిసిపోయిన ‘గే’ చాలు.

ఇక పేరు. ఈ రంగంలో దాదాపు అందరికీ రెండు పేర్లుంటాయి. అమెరికా గే నీలిచిత్రాల నటుడు కేసీ డోనొవన్ అసలు పేరు జాన్ కాల్విన్ కల్వర్. 1943 నవంబరు 2న న్యూయార్క్ రాష్ట్రంలోని ఈస్ట్ బ్లూమ్‌ఫీల్డ్‌లో పుట్టారు, కొంతకాలం బడిపంతులుగా పనిచేశారు, మోడలింగ్ చేశారు, నాటకాలు వేశారు. కాల్విన్ కల్వర్ అన్న పేరునూ ఆయన తెరమీద వాడారు కనుక రెండు పేర్లూ రాయడానికి అభ్యంతరం లేదు. బతికి ఉన్న నటుడు తన అసలు పేరు తానుగా బయటపెట్టకపోతే, అది మీకు తెలిసినా మీ దగ్గరే ఉంచుకోండి; దానివల్ల ఆయన తల్లిదండ్రులకో, ఉద్యోగానికో జరిగే నష్టాన్ని మీరు పూడ్చలేరు.

ఎక్కువ శ్రమ పెట్టవలసింది కాలం మీద. ఆయనకు పేరు తెచ్చిన ‘బాయ్స్ ఇన్ ది శాండ్’ 1971 డిసెంబరు 29న న్యూయార్క్‌లోని 55వ వీధి ప్లేహౌస్‌లో విడుదలైంది. దర్శకుడు వేక్‌ఫీల్డ్ పూల్ అంతకుముందు బ్యాలే నర్తకుడు. చిత్రీకరణ జరిగింది ఫైర్ ఐలాండ్ సముద్రతీరంలో. ఈ వివరాలు ఇంతటితో వదిలేస్తే కథ పలచబడుతుంది. న్యూయార్క్‌లో పోలీసుల దాడిని గేలు ఎదిరించిన స్టోన్‌వాల్ తిరుగుబాటు జరిగి అప్పటికి రెండున్నరేళ్లే అయిందని, పురుషుల మధ్య సంబంధం న్యూయార్క్ రాష్ట్ర చట్టంలో ఇంకా నేరంగానే ఉండి 1980లో గాని ఆ నిషేధాన్ని కోర్టు కొట్టివేయలేదని, అమెరికా మనోవైద్యుల సంఘం స్వలింగ ప్రేమను జబ్బుల పట్టికలోంచి తీసింది 1973లోనని పక్కనే ఉంచి చూపండి. అప్పుడు ఆ సినిమాకు న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటన రావడం, సినీరంగ పత్రిక వెరైటీ సమీక్ష రాయడం ఎంత అసాధారణమో పాఠకుడికి తానుగా తెలుస్తుంది; ‘సంచలనం సృష్టించింది’ అన్న అరిగిపోయిన మాటతో మీకు పని ఉండదు.

సినిమాలో ఏం జరుగుతుందో సన్నివేశంగా వర్ణించనక్కరలేదు. డబ్బు సంగతి మాత్రం తప్పక రాయండి. ఈ వృత్తిలో సాధారణంగా నటుడికి దక్కేది రోజుకో సన్నివేశానికో ముట్టే కూలి. ఆ తర్వాత ఏళ్ల తరబడి వచ్చే ఆదాయం నిర్మాతది. డోనొవన్ 1972లో హాలీవుడ్ తార ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ప్రధాన పాత్ర వేసిన బ్రాడ్‌వే నాటకంలో చిన్న వేషం వేయడాన్నీ, తరువాత ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో ఇల్లు కొని అతిథి గృహంగా నడపబోయి లాభం చూడకపోవడాన్నీ పక్కపక్కనే ఉంచితే, వయసుతో కరిగిపోయే వృత్తిలో మనిషి ఇంకో ఆధారం కోసం ఎలా వెతుక్కుంటాడో కనిపిస్తుంది.

మరణం గురించి రాసేటప్పుడు వాక్యాన్ని రెండుసార్లు చూసుకోండి. నా మొదటి ప్రతిలో ‘చివరకు ఎయిడ్స్‌కు బలయ్యారు’ అని ఉండేది. ఆ ‘చివరకు’ జీవితమంతటినీ శిక్షకు దారిగా మార్చేస్తోందని తరువాత గాని నాకు తట్టలేదు. దాన్ని కొట్టేసి, ‘1987 ఆగస్టు 10న ఫ్లోరిడాలోని ఇన్వర్నెస్‌లో, 43 ఏళ్ల వయసులో, ఎయిడ్స్ వల్ల వచ్చిన ఊపిరితిత్తుల వ్యాధితో మరణించారు’ అని మార్చాను. ఎయిడ్స్‌కు తొలి మందైన ఏజెడ్‌టీకి అమెరికాలో అనుమతి వచ్చి అప్పటికి అయిదు నెలలేనని, ప్రాణం నిలిపే మిశ్రమ చికిత్స 1996 ప్రాంతంలో గాని రాలేదని మరో వాక్యం చేర్చండి.

బొమ్మల దగ్గర మన దేశ చట్టం అడ్డువస్తుంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై ఇచ్చిన తీర్పుతో వయోజనుల పరస్పర సమ్మత స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది గాని, సమాచార సాంకేతిక చట్టంలోని 67ఏ సెక్షన్ కింద లైంగిక దృశ్యాలను ఇంటర్నెట్‌లో పెట్టడం నేరమే; తొలిసారికే అయిదేళ్ల వరకూ జైలు, పది లక్షల రూపాయల వరకూ జరిమానా పడవచ్చు. కాబట్టి సినిమా దృశ్యాలూ, వాటికి దారితీసే లింకులూ వద్దు. ముఖం వరకే ఉన్న ఫొటో ఒకటి సంపాదించి, కింద పేరు, ఊరు, సంవత్సరం రాస్తే సరిపోతుంది.