స్ప్రూస్ కొసలు ఇటుక రంగుకి తిరిగాయా? సున్నం వేసే ముందు ఏ సూది ఆకులు పోయాయో చూడండి

అమెరికాలో న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ కొండల వైపు ఉండేవాళ్ళకి ఇది తెలిసిన సీనే, మంచు కరిగే టైమ్‌కి రెడ్ స్ప్రూస్ చెట్లు (పైన్ లాంటివి, ఆకులు సూదుల్లా ఉంటాయి) ఎర్రబడిపోతాయి, తెగులనుకుని మందు కోసం పరిగెత్తేస్తారు. ఆగండి, ముందు ఒక కొమ్మ వంచి చూడండి.

సమస్య: కొసన నిరుడు వచ్చిన సూదులు మాత్రమే మాడాయి, వెనకున్న పాతవి ఆకుపచ్చగానే ఉన్నాయి. చలికాలమంతా మంచు కింద పూడిపోయిన కింది కొమ్మలకైతే ఏమీ కాలేదు.

కారణం: ఇది చలి దెబ్బ. అంత చలిలో పుట్టి పెరిగిన చెట్టుకి చలేంటి అంటారా, యాసిడ్ వానలు ఏళ్ళ తరబడి నేలలో కాల్షియాన్ని కడిగేశాయి, అది చాలక అల్యూమినియం కరిగి వేర్లకి అడ్డం పడింది, సూదుల్లో కణాల పొరల్ని పట్టి ఉంచే కాల్షియం కూడా వానకి కొట్టుకుపోయింది. ఆ కాస్త పోతే చాలు, చలికి ఓర్చుకునే శక్తి 3 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ దాకా తగ్గుతుంది.

పరిష్కారం: కాల్షియం, కానీ నిదానంగా కరిగేది. న్యూ హాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ పరిశోధన అడవిలో 1999 అక్టోబర్‌లో సుమారు 12 హెక్టార్ల మీద హెలికాప్టర్‌తో వోలస్టొనైట్ గుళికలు జల్లారు, అది కాల్షియం సిలికేట్ రాయే. 2003లో స్ప్రూస్‌లు బాగా మాడినప్పుడు చూస్తే, ఏమీ వెయ్యని పక్క అడవిలో ఎత్తుగా ఎదిగిన స్ప్రూస్‌లకి దెబ్బ దాదాపు 3 రెట్లు. అయితే మాడిన సూది మళ్ళీ పచ్చబడదు, రాలిపోతుంది, ఫలితం తర్వాత వచ్చే సూదుల్లోనే చూసుకోవాలి.

సమస్య: రివర్స్‌లో, పాత సూదులు పసుపెక్కి కొత్తవి బాగున్నాయి.

కారణం, పరిష్కారం: మెగ్నీషియం లోపం, చెట్టు పాతవాటిలోంచి లాగి కొత్తవాటికి ఇస్తోంది. జర్మనీ నార్వే స్ప్రూస్ అడవుల్లో 1980ల్లో ఇదే గోల, అక్కడ డోలమైట్ సున్నం వేశారు, అందులో మెగ్నీషియం కూడా ఉంటుంది. ఉత్త సున్నం వేస్తే ఇంకా ముదురుతుంది.

సమస్య: సున్నం వేశాకే కొత్త సూదులు పాలిపోయాయి.

కారణం, పరిష్కారం: డోసు ఎక్కువైంది, నేల పీహెచ్ (పులుపు-క్షారం కొలత) పెరిగి ఇనుము అందట్లేదు. సున్నపు నేలల్లో వేరుశెనగ పాలిపోతే మనవాళ్ళు అన్నభేది (ఇనుముండే లవణం) పిచికారీ చేస్తారే, అచ్చం అదే కథ. ఇక సున్నం ఆపేసి నేల టెస్ట్ చేయించండి.

సూదులు కూడా ల్యాబ్‌కి పంపేటట్టయితే కొత్తవీ పాతవీ వేరే వేరే కవర్లలో పెట్టండి, కలిపేస్తే ఏది లోపమో రిపోర్ట్‌లో తేలదు.