సముద్రం పక్కన రోజంతా సైకిల్ మీద: బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

సముద్రం పక్క దారి అనగానే చాలామంది దూరం ఎక్కువ పెట్టేసుకుంటారు. ఎత్తుపల్లాలు ఉండవు కాబట్టి 100 కిలోమీటర్లు తేలిగ్గా అయిపోతాయని లెక్క. చాలాచోట్ల కొండలు ఉండవన్నది నిజమే, కానీ గాలి ఉంటుంది. కొండ ఎక్కితే తర్వాత దిగుడు వస్తుంది. ఎదురుగాలికి ఆ దిగుడు లేదు, గంటలకొద్దీ తోస్తూనే ఉంటుంది. అందుకే మ్యాప్ తెరవకముందే గాలి సంగతి చూసుకోండి.

ఎండ బాగా కాసే రోజుల్లో పొద్దెక్కేకొద్దీ నేల, నీటికంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంటే, ఆ చోటుకి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. మామూలుగా ఇది పది, పదకొండింటికి మొదలై మధ్యాహ్నం రెండు మూడింటికి జోరందుకుంటుంది, పొద్దు వాలాక సద్దుమణుగుతుంది. గాలి లేనప్పుడు గంటకి 20 కి.మీ. వేగంతో పోయే మనిషికి 20 కి.మీ. ఎదురుగాలి తగిలిందనుకోండి. అదే వేగం నిలబెట్టుకోవాలంటే గాలిని చీల్చడానికే నాలుగింతల బలం పెట్టాలి. అంత బలం ఎవరూ పెట్టలేరు కాబట్టి వేగం పడిపోతుంది, మూడు గంటల దారి ఐదు గంటలవుతుంది.

కాబట్టి తెల్లారేసరికి రోడ్డు మీద ఉండండి. పొద్దున ఒళ్లు తాజాగా ఉన్నప్పుడే గాలికి ఎదురెళ్లి, వచ్చేటప్పుడు అది వీపున తోసేలా దారి వేసుకోండి. ఉదయం సముద్రం వైపు వెళ్లి, మధ్యాహ్నం లోపలి ఊళ్ల వైపు మళ్లే దారి దొరికితే అంతకంటే మంచిది లేదు. వెనక్కి తిరగడానికి ఒక టైం ముందే అనుకోండి. అనుకున్న చోటుకి చేరినా చేరకపోయినా ఆ టైంకి తిరిగిపోవాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే చీకట్లో, నీరసంతో ఆఖరి 20 కిలోమీటర్లు లాగే కష్టం చాలావరకు తప్పుతుంది.

ఒడ్డు వెంబడే పోతుంటే గాలి పక్కనుంచి కొడుతుంది. వంతెనల మీద, చెట్ల వరస అయిపోయి ఖాళీ మైదానం వచ్చిన చోట ఒక్కసారిగా నెడుతుంది. పెద్ద లారీ దాటేటప్పుడు ఇంకా జాగ్రత్త: లారీ అడ్డం వచ్చిన క్షణం గాలి ఆగుతుంది, అది దాటగానే మళ్లీ విసురుగా తగులుతుంది. హ్యాండిల్‌ని బిగపట్టకుండా మోచేతులు కొంచెం వంచి ఉంచండి. రోడ్డు అంచుకి ఆనుకుని పోవద్దు, తూలితే సర్దుకోవడానికి కాస్త చోటు ఉండాలి.

చల్లటి గాలి చేసే ఇంకో మోసం ఎండ తెలియనివ్వకపోవడం. చెమట పట్టినట్టే ఆరిపోతుంది, దాహం వెయ్యదు. ఒకసారి చొక్కా చెయ్యి చూసుకోండి: భుజం దగ్గర తెల్లటి చారలు కనబడితే అది మీ ఒంట్లోంచి పోయిన ఉప్పు. గంటకి సుమారు అర లీటరు, ఎండ ముదిరితే ముప్పావు లీటరు, గుక్కలు గుక్కలుగా తాగుతూ ఉండండి. గంటల తరబడి వట్టి నీళ్లే పట్టించినా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతి, మతి తప్పడం దాకా పోవచ్చు. రెండు మూడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సంచిలో వేసుకుని, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. తోటివాళ్లు తడబడుతూ మాట్లాడినా, పొంతన లేకుండా జవాబిచ్చినా వడదెబ్బ అనుకోండి. వెంటనే నీడకి చేర్చి ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ, వైద్య సాయానికి ఫోన్ చెయ్యండి.

పంక్చరు సామాను సంగతి. రెండు ట్యూబులు, టైరు ఊడదీసే లివర్లు, పంపు, ప్యాచీలు. ఒకసారి నేను పంక్చరైన ట్యూబు తీసి కంగారులో కొత్తది ఎక్కించేశాను. అర కిలోమీటరు పోకముందే అదీ దిగిపోయింది. టైరు లోపలివైపు బొటనవేలితో నెమ్మదిగా తడుముతూ పోతే, ఒకచోట సూదిమొనలా గుచ్చుకుంది: పైకి కనబడని తుమ్మముల్లు ముక్క. అప్పటినుంచి టైరు చుట్టూ వేలు తిప్పకుండా ట్యూబు పెట్టను. మీరూ పెట్టొద్దు.

మలుపుల్లో రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఇసక పల్చగా ఉన్నా చక్రం జారుతుంది. మలుపుకి ముందే వేగం తగ్గించండి, ఇసక మీద ముందు బ్రేకు ముట్టుకోవద్దు. గట్టిపడిన తడి ఇసక మీద తొక్కాలని సరదా పడితే ఆటుపోట్ల టైం ముందే తెలుసుకోండి. చాలా తీరాల్లో పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే నిన్న మీరు దాటిన చోట ఈ రోజు అదే టైంకి నీళ్లు వేరే ఎత్తులో ఉంటాయి. పోటుకి మునిగే దారిలోకి నీళ్లు పెరుగుతుండగా దిగొద్దు.

ఉరుము వినబడితే ఆగిపోవాలి, ఇందులో బేరం లేదు. చదును నేలలో సైకిల్ మీద ఉన్న మనిషే ఎత్తయినవాడు. చెట్టు కిందికి కాకుండా పక్కా భవనంలోకో, పైకప్పు ఉన్న కారులోకో వెళ్లి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించే ఉంచండి. ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా సైకిల్‌ని మంచినీళ్లతో కడిగి, చైను గుడ్డతో ఆరేదాకా తుడిచి, నూనె వెయ్యండి. ఉప్పు తడి అలాగే వదిలేస్తే మర్నాటికే లింకుల మీద ఎర్రటి తుప్పు మచ్చలు తేలొచ్చు.