లిఫ్టులో మైనస్ లెక్కలు

ఆరో తరగతి పిల్లలకు రుణసంఖ్యలు చెప్పాలంటే నేను నోట్‌బుక్ తెరవను. మల్కాజిగిరిలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎక్కిస్తాను. మా అక్క కొడుకుతో మొదలైన పద్ధతి ఇది.

లిఫ్టులో జి, దానిపైన నాలుగు అంతస్తులు, కింద రెండు సెల్లార్లు. జి మీద 0, సెల్లార్ల మీద −1, −2 అని రాసి కాగితం ముక్కలు అంటించండి. (వాచ్‌మన్ చూసేలోపు పీకేయాలి, అది వేరే సంగతి.) సున్నా అంటే ‘ఏమీ లేదు’ అనే మాట అక్కడే పోతుంది. జి లో గేటుంది, వాచ్‌మన్ కుర్చీ ఉంది. పైకైనా కిందికైనా లెక్క మొదలయ్యే చోటు అది. అందుకే సున్నా ధనసంఖ్యా కాదు, రుణసంఖ్యా కాదు.

−2, −1లలో ఏది పెద్దది? మావాడు టక్కున −2 అన్నాడు. ఏ అంతస్తు పైనుందో చూడమన్నాను. పైనున్నదే పెద్దది. ఇక −2 నుంచి 3కి ఎన్ని అంతస్తులు ఎక్కాలి? ఐదు. సున్నాను వదిలేసిన పిల్లలు నాలుగంటారు, వేళ్లమీద లెక్కపెట్టించండి.

బాకీని తీసివేయడం దగ్గర మాత్రం లిఫ్టు పనికిరాదు, కిరాణా ఖాతా కావాలి. షాపులో 50 బాకీ అంటే −50. ‘పాల ప్యాకెట్ రెండుసార్లు రాశానమ్మా’ అని షాపాయన అందులో 30 కొట్టేశాడనుకోండి. −50 − (−30) = −20. మన చేతిలోంచి రూపాయి కదల్లేదు, అయినా 30 కలిసొచ్చింది. క్రీ.శ. 628లో మన గణితవేత్త బ్రహ్మగుప్తుడు సూత్రాలు చెప్పిందీ ఇదే భాషలో: ధనమంటే ఆస్తి, రుణమంటే అప్పు. సున్నాలోంచి అప్పును తీసేస్తే ధనమవుతుందన్నాడు.

‘మైనస్ మైనస్ ప్లస్’ అని బట్టీ పట్టించడం నాకు నచ్చదు. అలా పట్టిన పిల్లలే −5 − 3కి 8 అని రాస్తారు. మావాడూ రాశాడు.

“ఐదు బాకీ ఉండగా ఇంకో మూడు అరువు తెచ్చావు. ఎనిమిది లాభమా?” అన్నాను.

“షాపాయన ఊరుకోడు పిన్నీ” అంటూ 8 ముందు గీత పెట్టాడు.