తక్కువ ఖర్చు నల్ల కంట్రోల్ డెక్: పాపర్‌లో దాన్ని ఎక్కడ బిగించాలి

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో, ఓడిన ఆట చివర చేతిలో ఏం మిగిలాయో టేబుల్ మీద పరిచి చూడండి. డెక్‌లో మార్చాల్సింది ఏదో ముప్పాతిక వంతు అక్కడే తెలిసిపోతుంది. ఖర్చు ఎక్కువున్న ముక్కలు మిగిలాయంటే ల్యాండ్లు (కార్డుల ఖర్చు కట్టే మానా ఇచ్చేవి) చాలలేదు. మీ చేయి ఖాళీగా ఉండి ఎదుటివాడి దగ్గర ఇంకా మూడు ముక్కలు ఉన్నాయంటే, కొత్త ముక్కలు ఎత్తే కార్డులు తక్కువయ్యాయి. చంపే స్పెల్స్ నాలుగు పట్టుకునే ఓడారంటే, అవి ఆ ఎదుటి డెక్‌కు పనికొచ్చే రకం కాదు. గెలవాల్సిన ఆట టైమ్ అయిపోయి డ్రా అయిందంటే, ముగించే ముక్క ఆలస్యంగా వస్తోంది. రోగాలు నాలుగూ వేరు. చాలామంది మాత్రం నాలుగింటికీ ఒకటే మందు వేస్తారు: ఇంకో ఖరీదైన కార్డు కొనడం.

ఇది మ్యాజిక్: ద గ్యాదరింగ్ ఆడటం వచ్చినవాళ్ళ కోసం, అందులోనూ పాపర్ పద్ధతిలో ఆడేవాళ్ళ కోసం. పాపర్‌లో కామన్ కార్డులే వాడాలి, డెక్ కనీసం 60, సైడ్‌బోర్డ్ (ఆటకూ ఆటకూ మధ్య మార్చుకునే అదనపు ముక్కలు) 15 దాకా, బేసిక్ ల్యాండ్లు తప్ప ఏ కార్డైనా నాలుగుకు మించకూడదు. ఒక్క సెట్‌లోనైనా కామన్‌గా అచ్చయితే చాలు, మీ దగ్గరున్న కాపీ మీద అన్‌కామన్ గుర్తు ఉన్నా చెల్లుతుంది. చైనర్స్ ఈడిక్ట్ తొలిసారి టార్మెంట్ సెట్‌లో అన్‌కామన్‌గా వచ్చింది, అయినా పాపర్‌లో నిక్షేపంగా ఆడుకోవచ్చు. కాగితం ఆటకూ ఆన్‌లైన్ ఆటకూ చెల్లే కార్డుల జాబితా ఒకటే అయింది 2019లో. అప్పుడే హిమ్ టు టూరాక్, సింక్‌హోల్ నిషేధంలోకి వెళ్ళాయి. డెడ్లీ డిస్ప్యూట్ 2025 మార్చిలో వెళ్ళింది. పాత లిస్ట్ చూసి కొనేముందు ఈ మూడూ ఉన్నాయేమో చూసుకోండి.

రంగు ఒక్క నలుపే ఎందుకంటే, రెండు రంగుల డెక్‌లో డబ్బు ముందుగా ల్యాండ్లకే పోతుంది, పైగా వాటిలో చాలావరకు ట్యాప్ అయ్యే దిగుతాయి, అంటే ఆ టర్న్‌లో మానా ఇవ్వవు. స్వాంప్‌లకు (నల్ల మానా ఇచ్చే బేసిక్ ల్యాండ్లు) ఖర్చు లేదు, ఆడేవాళ్ళ దగ్గర డబ్బాల కొద్దీ పడి ఉంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు.

చేరాల్సిన రూపం ఇదీ:

ల్యాండ్లు 24: స్వాంప్ 19, బ్యారెన్ మూర్ 3, బొజూకా బాగ్ 2.
క్రీచర్లు 17: చిటరింగ్ రాట్స్ 4, ఫైరెక్సియన్ రేజర్ 4, గ్రే మర్చంట్ ఆఫ్ ఆస్ఫడెల్ 4, క్రిప్ట్ రాట్స్ 3, కువంబాజ్ విచెస్ 2.
ముక్కలు ఎత్తేవి 6: సైన్ ఇన్ బ్లడ్ 4, రీడ్ ద బోన్స్ 2.
చంపేవి 13: చైనర్స్ ఈడిక్ట్ 3, కాస్ట్ డౌన్ 3, డిఫైల్ 3, స్నఫ్ ఔట్ 2, టెండ్రిల్స్ ఆఫ్ కరప్షన్ 2.

ముందు ల్యాండ్ల లెక్క

కొత్తగా కట్టిన డెక్‌లలో ఎక్కువగా కనిపించే తప్పు 20 ల్యాండ్లు పెట్టడం. దాడి డెక్‌కు 20 సరిపోతాయేమో గానీ ఐదు మానా పెట్టి గ్రే మర్చంట్ దింపాల్సిన డెక్‌కు చాలవు. మొదట ఆడేవాడు నాలుగో టర్న్‌కు పది కార్డులు చూస్తాడు. 60లో 20 ల్యాండ్లుంటే ఆ పదిలో నాలుగు ల్యాండ్లు పడే అవకాశం 44 శాతం, అంటే సగం ఆటల్లో కూడా పడవు. 24 ఉంటే 63 శాతం. నాలుగు స్వాంప్‌లు చేర్చడానికి పైసా ఖర్చు లేదు. డెక్‌లో దీనంత చవకైన బాగుచేత ఇంకొకటి లేదు.

ల్యాండ్లు మరీ ఎక్కువైపోతాయని భయముంటే దానికే బ్యారెన్ మూర్. మొదట్లో ల్యాండ్‌గా దిగుతుంది, చివర్లో ఒక నల్ల మానా ఇచ్చి సైక్లింగ్ చేస్తే, అంటే చేతిలోంచి పారేస్తే, కొత్త ముక్క వస్తుంది. బాగుంది కదా అని దాన్నీ బాగ్‌నూ కలిపి ఎనిమిదికి పెంచకండి. రెండూ ట్యాప్ అయ్యే దిగుతాయి. పైగా అవి నల్ల మానా ఇస్తాయే గానీ స్వాంప్‌లు కావు. డిఫైల్, టెండ్రిల్స్ లెక్కపెట్టేది స్వాంప్‌లనే. మూడో టర్న్‌కు మూర్, బాగ్, ఒక స్వాంప్ మీ ముందుంటే డిఫైల్ ఎదుటి క్రీచర్‌కు ఇచ్చేది మైనస్ ఒకటే. స్వాంప్‌లు 18కి తగ్గకూడదు.

మొదటి చేతిలో మూడు నాలుగు ల్యాండ్లు, రెండు లేక మూడు మానాలతో చేయగలిగిన పని ఒకటి ఉంటే ఉంచుకోండి. ఐదు ల్యాండ్లు, రెండు గ్రే మర్చంట్లు వస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ నాలుగు టర్న్‌ల పాటు ఉత్త చేతులతో కూర్చోవాలి. ఎదుటివాడిది దాడి డెక్ అని తెలిస్తే అలాంటి చేతిని వదిలేయండి.

చెల్లుకు చెల్లు అయితే గెలవరు

వాడొక క్రీచర్ దింపాడు, మీరొక స్పెల్‌తో చంపారు. చెల్లుకు చెల్లు. ఇలా ఇరవై టర్న్‌లు ఆడినా ఎవరికి మంచి ముక్క పడితే వాళ్ళదే ఆట. కంట్రోల్ డెక్ (ఎదుటివాడి ముక్కలను అడ్డుకుంటూ చివర్లో గెలిచేది) గెలిచేది ఒక దెబ్బకు రెండు పిట్టలు రాలినప్పుడు. అందుకే ఖాళీ దొరికిన ప్రతి చోటా పదిహేనో చంపే స్పెల్ ఇరికించకుండా, ఒక్క ముక్కతో రెండు పనులు చేసే కార్డు పెట్టండి. ఫైరెక్సియన్ రేజర్ దిగుతూ ఒక ముక్క ఎత్తిస్తుంది, మీకు ఒక లైఫ్ పోతుంది, 2/2 శరీరం (దెబ్బ రెండు, ఓర్పు రెండు) మిగులుతుంది. సైన్ ఇన్ బ్లడ్ ఒకటి పోయి రెండు వస్తాయి.

చిటరింగ్ రాట్స్ ఈ డెక్‌కు వెన్నెముక. అది దిగితే ఎదుటివాడు చేతిలోని ఒక ముక్కను లైబ్రరీ (ఇంకా ఎత్తని ముక్కల కట్ట) పైన పెట్టాలి. తర్వాతి టర్న్‌లో అదే ముక్క మళ్ళీ ఎత్తుకుంటాడు, అంటే కొత్త ముక్క రానట్టే. వాడు రెండో ల్యాండ్ దగ్గర ఇరుక్కున్నప్పుడు దింపితే ఆట అక్కడే సగం అయిపోతుంది. రెండు సందర్భాల్లో మాత్రం వృథా: వాడి చేయి ఖాళీగా ఉన్నప్పుడు, ఇవాల్వింగ్ వైల్డ్స్ లాంటి ల్యాండ్ వాడకుండా ఉంచుకున్నప్పుడు. ఆ ల్యాండ్ పగలగొట్టి లైబ్రరీ కలిపేస్తే పైన పెట్టిన చెత్త ముక్క కూడా అందులో కలిసిపోతుంది. ముందు దాన్ని వాడనివ్వండి, తర్వాత ఎలుకను దింపండి.

గ్రే మర్చంట్ బలం నల్ల గుర్తుల లెక్కలో ఉంది: అది దిగినప్పుడు, టేబుల్ మీది మీ కార్డుల ఖర్చులో ఎన్ని నల్ల మానా గుర్తులుంటే ఎదుటివాడికి అన్ని లైఫ్‌లు పోతాయి, మీకు అన్ని వస్తాయి. దానివే రెండు గుర్తులు, చిటరింగ్ రాట్స్‌వి రెండు, రేజర్‌ది ఒకటి. ముగ్గురూ టేబుల్ మీదుంటే ఎదుటివాడికి ఐదు పోతాయి, మీకు ఐదు వస్తాయి. ఈ లెక్క కట్టేది ఎఫెక్ట్ పని చేసే క్షణంలో. మధ్యలో మర్చంట్‌ను చంపేస్తే దాని రెండు గుర్తులూ పోతాయి. అందుకే ఖాళీ టేబుల్ మీద ఒంటరిగా దింపకండి, పక్కన ఒక ఎలుకైనా ఉండాలి. అందుకనే ఈ డెక్‌లో క్రీచర్లు పదిహేడు. పదికి తగ్గించి ఆ చోట స్పెల్స్ నింపితే మర్చంట్ రెండు లైఫ్‌ల కార్డుగా మిగిలిపోతుంది.

సైన్ ఇన్ బ్లడ్ గురించి చాలామంది మరిచే సంగతి: దాన్ని ఎదుటివాడి మీద కూడా వేయొచ్చు. వాడికి రెండు లైఫ్‌లు మిగిలినప్పుడు అదే ఆఖరి దెబ్బ.

చంపే ముక్కల కలగలుపు

ఒకే రకం చంపే కార్డు ఎనిమిది పెడితే, అది పని చేయని డెక్ ఎదురైన రోజు ఎనిమిదీ చిత్తు కాగితాలే. స్నఫ్ ఔట్‌కు మీ దగ్గర స్వాంప్ ఉంటే మానా అక్కర్లేదు, నాలుగు లైఫ్‌లు ఇస్తే చాలు. కానీ నల్ల క్రీచర్‌ను ముట్టలేదు, గర్మాగ్ యాంగ్లర్ ముందు ఉత్తదే. కాస్ట్ డౌన్ లెజెండరీ వాటిని తప్ప దేన్నైనా చంపుతుంది. స్నఫ్ ఔట్ ధర ఎక్కువ కనిపిస్తే ఆఖర్న కొనండి, ఈలోగా నాలుగో కాస్ట్ డౌన్, నాలుగో డిఫైల్‌తో నడుస్తుంది.

చైనర్స్ ఈడిక్ట్ గురి పెట్టేది క్రీచర్‌ను కాదు, ఆటగాడిని. హెక్స్‌ప్రూఫ్ (ఎదుటివాడు గురి పెట్టలేనిది) ఉన్న స్లిపరీ బోగుల్ అయినా, వార్డ్ 2 (గురి పెడితే అదనంగా రెండు మానా కట్టాల్సినది) ఉన్న టొలేరియన్ టెర్రర్ అయినా దీనికి లొంగుతాయి. చిక్కేమిటంటే ఏది బలి ఇవ్వాలో ఎంచుకునేది వాడే. పక్కన చిన్న టోకెన్ ఒకటుంటే దాన్నే ఇస్తాడు. కాబట్టి వాడి ముందు ఒక్కటే ఉన్నప్పుడు, అంటే రెండో టర్న్‌లోనే, వేసేయడం మేలు. ఫ్లాష్‌బ్యాక్‌కు (వాడేసిన కార్డును మరోసారి వాడటానికి) ఏడు మానా, చివర్లో అదీ రెండో పిట్టే.

మానా పెట్టి పేల్చితే అందరికీ అంత దెబ్బ కొట్టే క్రిప్ట్ రాట్స్‌ను మూడో టర్న్‌లో తొందరపడి దింపడం మామూలుగా జరిగే పొరపాటు. అప్పుడు పేల్చడానికి మానా ఉండదు. ఐదు ల్యాండ్లు వచ్చేదాకా ఆగితే మూడు పెట్టి దింపి, మిగిలిన రెండుతో అందరికీ రెండేసి దెబ్బలు. పేల్చేందుకు నల్ల మానానే వాడాలి. మీ క్రీచర్లకూ మీకూ కూడా అంతే దెబ్బ తగులుతుందని గుర్తుంచుకోండి. ఇక్కడ స్టాక్ (వేసిన స్పెల్స్ పని చేసేదాకా ఆగే వరస) సంగతి బాగా తెలిసి ఉండాలి. తిరుమల కంపార్ట్‌మెంట్లలో ముందు కూర్చున్నవాళ్ళకే ముందు గేటు తీస్తారు. స్టాక్ దానికి తలకిందులు, చివర చేరిందే ముందు కదులుతుంది. వాడు ఎలుక మీద లైట్నింగ్ బోల్ట్ వేస్తే, మానా ఉంటే వెంటనే పేల్చండి, మీ పేలుడే ముందు పని చేస్తుంది. మీరు పేల్చాక వాడు బోల్ట్ వేసినా ఎలుక చస్తుంది గానీ పేలుడు ఆగదు.

సైడ్‌బోర్డ్ ఊరిని బట్టి

ఇంటర్నెట్‌లోని లిస్ట్ వందలమంది ఆడే పెద్ద టోర్నమెంట్ కోసం కట్టింది. తిరుపతిలో హాస్టల్ గదిలోనో మేడ మీదో వారం వారం ఆ నలుగురైదుగురితోనే ఆడేవాళ్ళకు దానిలో సగం దండగ. ఎదురయ్యే డెక్‌లు ఐదే అయితే ఐదింటి పేర్లూ కాగితం మీద రాసి, ప్రతిదానికీ ఏవి తీసి ఏవి పెడతారో ముందే లెక్క వేయండి. పెట్టాలనుకున్నవి ఏడై తీయాల్సినవి నాలుగే దొరికితే సైడ్‌బోర్డ్ తప్పు కట్టారన్నమాట.

ఎదుటి డెక్‌లేవో ఇంకా తెలియకపోతే ఇలా మొదలుపెట్టండి: డ్యూరెస్ 4, సఫొకేటింగ్ ఫ్యూమ్స్ 3, నిహిల్ స్పెల్‌బాంబ్ 3, ప్రిస్టీన్ టాలిస్మన్ 3, నాలుగో ఈడిక్ట్, మూడో విచెస్. నేరుగా లైఫ్‌ను కాల్చే ఎర్ర బర్న్ డెక్ ఎదురైతే మీ లైఫ్ తినే కార్డులే మీకు శత్రువులు. స్నఫ్ ఔట్ 2, సైన్ ఇన్ బ్లడ్ 4, ఒక క్రిప్ట్ రాట్స్ తీసి టాలిస్మన్ 3, డ్యూరెస్ 4 పెట్టండి. ఫెయిరీలు, ఎల్వ్స్ లాంటి బక్క క్రీచర్ల డెక్‌కు టెండ్రిల్స్ 2, రీడ్ ద బోన్స్ 2 తీసి ఫ్యూమ్స్ 3, విచెస్ 1. బోగుల్స్‌కు (హెక్స్‌ప్రూఫ్ క్రీచర్ల డెక్) కాస్ట్ డౌన్, స్నఫ్ ఔట్ ఐదూ దండగే, వాటి బదులు డ్యూరెస్ 4, ఈడిక్ట్ 1. టొలేరియన్ టెర్రర్ వాడి గ్రేవ్‌యార్డ్‌లోని (వాడేసిన కార్డుల గుట్ట) ఇన్‌స్టంట్లు, సోర్సరీలను బట్టి చవకవుతుంది. గ్రేవ్‌యార్డ్‌ను ఖాళీ చేసే స్పెల్‌బాంబ్‌ను, వాడు టెర్రర్ కాస్ట్ చేయకముందే మీరు పేల్చాలి, చేశాక పేల్చితే లాభం లేదు, ఖర్చు అప్పటికే కట్టేశాడు. అఫినిటీ అనే ఆర్టిఫాక్ట్‌ల డెక్‌లో ఆర్టిఫాక్ట్‌లను పగలగొట్టే దారి నలుపుకు దాదాపు లేదు. క్రీచర్లను చంపుకుంటూ పోవడమే, దాని కోసం సైడ్‌బోర్డ్‌లో చోటు వృథా చేయకండి.

కొనకముందు ఆడి చూడండి

కొత్త కార్డు ఏదైనా ముందు జిరాక్స్ తీసి ఆడించండి. కార్డు కొలత 63 × 88 మిల్లీమీటర్లు, ఏ4 కాగితం మీద తొమ్మిది పడతాయి. షాపులో పేజీకి సరిపెట్టే ఆప్షన్ తీసేసి నూరు శాతం సైజులో ప్రింట్ చేయమనండి, లేదంటే చిన్నవై స్లీవ్‌లో (కార్డుకు వేసే ప్లాస్టిక్ తొడుగు) జారుతుంటాయి. కత్తిరించి, వెనక ఒక స్వాంప్ పెట్టి స్లీవ్‌లో దూర్చండి. స్నేహితుల మధ్య ఆటకు ఇది చాలు, అధికారిక టోర్నమెంట్‌లో మాత్రం ఒప్పుకోరు.

ఒక్కసారి నాలుగు కార్డులకు మించి మార్చకండి. మార్చాక సైడ్‌బోర్డ్ లేకుండా పది ఆటలు, దానితో పది ఆటలు. నోట్‌బుక్‌లో ఓడిన ప్రతి ఆట ఎదుట చేతిలో మిగిలిన ముక్కల పేర్లు రాయండి. ఒకే పేరు నాలుగుసార్లు కనబడితే దాన్ని ఒకటి తగ్గించండి. మూడు కాపీల కార్డు ఒకే ఆటలో రెండు రాలేదని నాలుగుకు పెంచకండి. నాలుగు పెట్టినా మొదటి ఏడు ముక్కల్లో ఒకటైనా ఉండే అవకాశం 40 శాతమే. పక్కన గడియారం కూడా పెట్టుకోండి. టోర్నమెంట్‌లో రౌండ్ 50 నిమిషాలు, తర్వాత ఐదు టర్న్‌లే. ఒక ఆట ఇరవై ఐదు నిమిషాలు దాటుతోందంటే తప్పు డెక్‌ది కాకపోవచ్చు, మీ ఆలోచన నెమ్మదిగా ఉండొచ్చు.

కొనేటప్పుడు ఒక్కో కామన్ కన్నా కొరియర్ ఖర్చే ఎక్కువ పడుతుంది. గుంపులో నలుగురూ కలిసి ఒకే ఆర్డర్ పెట్టండి. కొంచెం వాడిన కార్డులు తీసుకోండి, స్లీవ్‌లో వేస్తే తేడా కనిపించదు. ఫాయిల్ కార్డులు ఉచితంగా వచ్చినా వద్దు. అవి గాలిలో తేమకు వంగుతాయి, డెక్‌లో ఆ ముక్క ఎక్కడుందో పక్క నుంచే తెలిసిపోతుంది, గుర్తు పెట్టిన ముక్క కింద లెక్క. స్లీవ్‌లు 60కి బదులు 80 కొనండి, చిరిగినప్పుడు అదే రకం మళ్ళీ దొరకదు. మే నెలలో డెక్ బాక్స్‌ను బండి డిక్కీలో వదిలేసి పోకండి, మన ఎండకు సాయంత్రానికి స్లీవ్‌లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి.