ఖనిజ అన్వేషణ పాఠాలు – 4: కొండ మీది తుప్పును చదవడం

పోర్ఫిరీ నిక్షేపం ఎలా పుడుతుందో గత పాఠంలో చూశాం. లోతున చల్లబడే శిలాద్రవం వదిలిన వేడి ద్రవాలు రాయిని పగలగొట్టి, ఆ పగుళ్లలో రాగి, బంగారం వదిలిపోతాయి. ఈసారి రోడ్డు కూడా లేని, ఒక్క డ్రిల్ రంధ్రమూ పడని కొండ మీద ఉన్నామనుకుందాం. చేతిలో సుత్తి, లెన్స్, చిన్న అయస్కాంతం. అసలు ఖనిజం ఎటువైపు ఉందో చెప్పాలి.

దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపించేది పసుపు, ఎరుపు మరకల వాలు. తొందరపడి అటు పరిగెత్తకండి. అది చాలావరకు పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) తుప్పు. గాలి, నీరు తగిలిన పైరైట్ నుంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. అది రాగిని కరిగించి కిందికి లాక్కుపోతుంది, భూగర్భ నీటిమట్టం దగ్గర ఆ రాగి, గంధకంతో కలిసి, చాల్కోసైట్‌గా పేరుకోవచ్చు. బంగారం అంత తేలిగ్గా కరగదు, తరచూ పైనే మిగులుతుంది. కాబట్టి పైరాతిలో బంగారం తగిలి రాగి తగలకపోతే నిరాశపడక్కర్లేదు.

తుప్పు రంగులూ వేరు. నిమ్మపండు పసుపు పొడి జారోసైట్, అంటే పైరైట్ బాగా ఉండేదని. గోధుమ రంగు గోతైట్ అయితే పైరైట్ తక్కువ. ముదురు ఎరుపు హెమటైట్ ఒకప్పటి చాల్కోసైట్ గుర్తు కావచ్చు. నన్నడిగితే ముందు వెతకాల్సింది దీన్నే.

ఇక రాయి పగలగొట్టి లోపలి ముఖం చూడండి. ఆ వేడి ద్రవాలు నిక్షేపం చుట్టూ రాయిని వలయాలు వలయాలుగా మార్చేస్తాయి. ఆకుపచ్చ క్లోరైట్, ఎపిడోట్ ఉంటే బయటి అంచులో ఉన్నట్టు. తెల్లబారి, లెన్స్‌లో సెరిసైట్ అనే సన్నటి అభ్రకం మెరుస్తుంటే పైరైట్ ఎక్కువుండే మధ్య వలయం. నల్లని సన్నటి బయొటైట్, గులాబీ ఫెల్డ్‌స్పార్, ఒత్తుగా క్వార్ట్జ్ సిరలు కనిపిస్తే కేంద్రానికి దగ్గరయ్యారు. అక్కడ అయస్కాంతం అంటుకుంటే ఇంకా మంచిది, బంగారం ఎక్కువున్న పోర్ఫిరీల్లో మాగ్నెటైట్ తరచూ దండిగా ఉంటుంది.

ఈ వలయాల లెక్క ఉత్త సిద్ధాంతం కాదు. అమెరికాలోని అరిజోనాలో శాన్ మాన్యుయెల్ గని దగ్గర వలయాలు సగమే ఉన్నాయని భూవిజ్ఞాని డేవిడ్ లోవెల్ గమనించాడు. భ్రంశం (రాళ్లు విరిగి పక్కకు జరిగిన పగులు) కోసేసిన మిగతా సగాన్ని 1960లలో వెతికించాడు. అదే కలమజూ నిక్షేపం. ఆ వలయాల నమూనాను మరో భూవిజ్ఞాని గిల్బర్ట్‌తో కలిసి 1970లో ప్రచురించాడు.

అభ్యాసం: పడమర నుంచి తూర్పుకు నడుస్తుంటే ముందు ఎపిడోట్ రాయి, తర్వాత జారోసైట్ పట్టిన తెల్లరాయి, ఆపై అయస్కాంతం అంటుకునే నల్లరాయి వచ్చాయి. రెండడుగులు వేయగానే, మధ్యలో తెల్లరాయి లేకుండా, మళ్లీ ఎపిడోటే. పటం గీసి, ఏం జరిగి ఉంటుందో, మొదటి డ్రిల్ రంధ్రం ఎక్కడ వేస్తారో రాయండి. జవాబు 5వ పాఠంలో.